ఒడ్డున పెట్టిన నిచ్చెన

మా అన్నయ్య సీవర్ట్‌కి కోపం వస్తే అరవడు. అరిచి ఊరుకునే మనిషైతే ఇంత జరిగేది కాదు. కోపం వచ్చినప్పుడు పై పెదవి కింద ఇంత పొడుం దట్టించి, వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని సరస్సు వంక చూస్తూ కూర్చుంటాడు. పలకరిస్తే పలకడు. అలా రెండు మూడు రోజులైనా కూర్చోగలడు. నేను గిన్నెలు కాస్త గట్టిగా దించుతూ నా పని నేను చేసుకుంటాను. మా ఇంట్లో పోట్లాటంటే ఇదే.

ఆ ఏడు ఆయన కోపమంతా మా పంచాయతీ పోయినందుకు. టాల్‌నెస్ పంచాయతీకి ఏళ్ళ తరబడి ఆయనే అధ్యక్షుడు. పెళ్ళి మానేసి పంచాయతీని కట్టుకున్నాడని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. నా భర్త పోయాక నేను పుట్టింటికి వచ్చేసి, ఊరి బడిలో పిల్లలకి వండిపెడుతూ ఆయనతోనే ఉంటున్నాను. బడి, మా వంటగది, దారుల మరమ్మతు, ముసలివాళ్ళ ఇళ్ళకి కట్టెలు, అన్నీ పంచాయతీవే, అంటే అన్నీ సీవర్ట్‌వే.

స్టాక్‌హోమ్‌లో ఎవరో కూర్చుని, ఇంత తక్కువ జనానికి ఇన్ని పంచాయతీలు దండగని తేల్చారు. వాళ్ళ మాటా పూర్తిగా కాదనలేం. మా యెమ్ట్‌లాండ్ జిల్లా డెన్మార్క్ దేశం కన్నా పెద్దది, జనాన్నందర్నీ పోగుచేస్తే మాత్రం ఒక మోస్తరు పట్నంలో సర్దుకుంటారు. చిన్న పంచాయతీలన్నీ రద్దుచేసి పెద్దవాటిలో కలపాలని హుకుం వచ్చింది. కొత్త సంవత్సరం మొదటి రోజు నించి మా టాల్‌నెస్ సరస్సుకి ఆవలి ఒడ్డున ఉన్న మో పంచాయతీలో కలిసిపోవాలి.

సీవర్ట్ పెళ్ళిళ్ళకి తొడుక్కునే కోటు తొడుక్కుని, జిల్లా అధికారులతో మాట్లాడతానని ఓస్టర్‌సుండ్ వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం తిరిగొచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఏమన్నారు అన్నయ్యా?"

"కాఫీ ఇచ్చారు."

"ఇంకా?"

"కేకులు పెట్టారు. ఏడు రకాలు."

"అది కాదయ్యా, పంచాయతీ సంగతి?"

"దాన్ని నేను వెళ్ళేలోపే తినేశారు."

నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి ఆపుకున్నాను. రొట్టె మీద వెన్న రాసి ముందు పెడితే, దాన్ని పక్కకి జరిపాడు.

"మూడొందల ఏళ్ళ కిందట ఎక్కడో ఓ బల్ల దగ్గర కూర్చుని మనల్ని నార్వే నించి కోసి స్వీడన్‌కి కుట్టేశారు. మనల్ని అడిగారా? తర్వాత ఆ జిల్లాలో కొన్నాళ్ళు, ఈ జిల్లాలో కొన్నాళ్ళు కలిపారు. అప్పుడడిగారా? ఇప్పుడు మోలో కలుపుతున్నారు. మనకి అలవాటేగా!"

"అలవాటైతే ఇంత బాధెందుకు?"

"అలవాటైనవాడికే తెలుస్తుంది గోలిన్, ఎక్కడ నొప్పెడుతుందో."

ఆయన బాధ అబద్ధం కాదు. ఇది మాత్రం నేను ఎవరి ముందైనా చెప్తాను. కలపకముందే బడిని మోకి అప్పగించారు, శరత్కాలంలో వాళ్ళు దాన్ని మూసేశారు. పిల్లలు నలుగురే మిగిలారని, వాళ్ళని కారులో మో బడికి తీసుకెళ్ళే ఏర్పాటు చేశారు. కారు నడిపేది సోల్వేగ్ అని మో అమ్మాయి, ముప్ఫై దాటలేదు, గలగలా మాట్లాడుతుంది. రోజూ పొద్దున్నే సరస్సు చుట్టూ అడవిదారిన గంట పైన వచ్చి, పిల్లల్ని ఎక్కించుకుని మళ్ళీ అంత దూరం వెళ్ళేది. సరస్సు గడ్డకట్టి బాట తెరిస్తే మంచు మీదుగా పావుగంట ప్రయాణం. పిల్లలు ఆ బాట కోసం పండగకన్నా ఎక్కువ ఎదురుచూశారు.

ఆ బాట సంగతి చెప్పాలి. చలికాలం సరస్సు బిగుసుకోగానే మా ఊరివాళ్ళందరం దేవదారులాంటి చిన్న చిన్న స్ప్రూస్ మొక్కలు కొట్టుకొచ్చి, ఇంటికింత అని పంచుకున్న మేర, మంచులో కన్నాలు చేసి పాతుకుంటూ వెళ్తాం. ఆ మొక్కల వరసే బాట. మంచుతుఫానులో కూడా మొక్క నించి మొక్కకి చూసుకుంటూ ఆవలి ఒడ్డు చేరుకోవచ్చు. మొక్కలున్నచోట మంచు గట్టిదని నమ్మకం. మా పొలం కింద, నేల ముక్కులా నీళ్ళలోకి పొడుచుకొచ్చిన చోట, ఏరు వచ్చి సరస్సులో కలుస్తుంది. ఆ ఏటి మూతి దగ్గర అడుగున ప్రవాహం ఉంటుంది కాబట్టి పైన మంచు ఎంత చలికైనా పలచనే. అందుకని మా బాట అక్కడికి వచ్చేసరికి పెద్ద వంపు తిరుగుతుంది. ఇది మా తాతల నాటి వంపు. ఏ పటంలోనూ లేదు. ఊళ్ళో అందరికీ తెలిసినదాన్ని పటంలో ఎవడు గీస్తాడు?

ప్రతి ఏడూ క్రిస్మస్ ముందే బాట పడేది. ఆ ఏడు డిసెంబరు వెచ్చగా గడిచి, సరస్సు పండగ వెళ్ళాక గానీ బిగుసుకోలేదు. కొత్త సంవత్సరం వచ్చేసింది. టాల్‌నెస్ పంచాయతీ అన్నది లేకుండా పోయింది. మొక్కలు పాతడానికి ఎప్పుడు బయల్దేరదామని ఊరివాళ్ళు సీవర్ట్‌ని అడగడానికి వచ్చారు.

"మనకేం పని?" అన్నాడు ఆయన కిటికీ దగ్గర నించి కదలకుండా. "బాట మనది కాదు. ఒకటో తారీకు నించి మోవాళ్ళది. కావాలన్నారుగా, పాతుకోనీండి. టాల్‌నెస్ నించి ఒక్క మొక్క కదిలిందా, నా మీద ఒట్టే!"

అందరూ నవ్వారు. బాగా చెప్పావని భుజం తట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకాయన అయితే, ఆ మోవాళ్ళకి స్ప్రూస్ మొక్కకీ పళ్ళు తోముకునే బ్రష్షుకీ తేడా తెలుసా అని వెటకారం చేశాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వనూ, నా వంటగది కూడా మూసింది వాళ్ళే.

శనివారం నాడు నేను రొట్టెలు కాలుస్తున్నాను. పొయ్యి దగ్గర నించి కదిలితే రొట్టె మాడుతుంది. సీవర్ట్ దుర్భిణి పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఏమిటంత చూపు?"

"హెన్నింగ్ వచ్చాడు. మొక్కలు పాతుతున్నాడు."

హెన్నింగ్ మోలో ట్రాక్టరు పనులు, గుత్తపనులు చేసుకునే మనిషి. మంచి పనివాడే. మంచుస్కూటరుకి బండి కట్టి, మొక్కలు వేసుకుని ఆవలి ఒడ్డు నించి పాతుకుంటూ వస్తున్నాడట.

"కాఫీకి పిలవరాదూ, చలికి చస్తాడు."

"వాళ్ళ పంచాయతీ ఇస్తుందిలే కాఫీ," అన్నాడు.

ఆ రోజు ఆయన రొట్టె ముట్టుకోలేదు. వేడి వేడి రొట్టె వద్దన్నాడంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆదివారం కూడా అలాగే. చర్చికి రానన్నాడు. సాయంత్రం ఇంటి వెనక ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. పొగగొట్టం చూస్తున్నాడేమోననుకున్నాను. మొగవాళ్ళు మనసు బాగాలేనప్పుడు అలాంటి పనులే పెట్టుకుంటారు.

సోమవారం పొద్దున్న ఇంకా చీకటిగా ఉంది. సెలవుల తర్వాత బడి తెరిచే రోజు. కాఫీ పెట్టబోతుంటే కిటికీ దగ్గర సీవర్ట్ కుర్చీ కింద పడేసి లేచాడు. సరస్సు మీద రెండు దీపాలు వస్తున్నాయి. ఆయన కోటు కూడా వేసుకోకుండా తలుపు తెరుచుకుని ఒడ్డుకి పరుగెత్తాడు. ఎన్నడూ అరవని మనిషి, చేతులు ఊపుతూ "ఆగు! ఆగు!" అని అరుస్తున్నాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆ రెండు దీపాలూ ముందుకి వంగాయి. నీళ్ళలోంచి కాసేపు పచ్చగా వెలిగాయి. తర్వాత ఆరిపోయాయి.

కారులో సోల్వేగ్ ఒక్కతే ఉంది. పిల్లలు నలుగురూ మా ఒడ్డున లాంతరు పట్టుకుని, సంచులు తగిలించుకుని నిలబడి అంతా చూశారు. చిన్నది ఏడవడం కూడా మర్చిపోయింది.

సోల్వేగ్ అద్దం దించుకుని ఎలాగో బయటపడి మంచు అంచు పట్టుకుంది. పట్టుకున్నచోటల్లా విరుగుతోంది. సీవర్ట్ నిచ్చెన మంచు మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని, అంగుళం అంగుళం జరుపుకుంటూ వెళ్ళాడు. ఆమె జుట్టు ఒక చేత్తో, కోటు ఒక చేత్తో పట్టుకున్నాడు. నడుముకి కట్టుకున్న తాడు పట్టుకుని నేనూ, పరుగున వచ్చిన పక్కింటివాళ్ళూ ఇద్దర్నీ కలిపి లాగాం. ఒక బూటు నీళ్ళలోనే ఉండిపోయింది. ఆ చలిలో, అంబులెన్సు సరస్సు చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆ కాలి వేళ్ళు తెల్లగా చెక్కలా అయిపోయాయి. ఓస్టర్‌సుండ్ ఆసుపత్రిలో ఐదూ తీసేశారు. ప్రాణం దక్కింది.

ఇక మా ఇంటికి జనం. పేపరువాడొచ్చి సీవర్ట్ ఫోటో తీసుకున్నాడు. అంత త్వరగా నిచ్చెనా తాడూ లేకపోతే ఆ పిల్ల దక్కేది కాదని డాక్టరే చెప్పాడని రాశారు. తనని కలిపేసుకున్న పంచాయతీ మనిషినే కాపాడిన పెద్దమనిషి అని పొగిడారు. ఆవలి ఒడ్డున హెన్నింగ్ గతి ఇంకోలా ఉంది. బాట తప్పుగా వేశాడని పని తీసేశారు. పోలీసులు రెండుసార్లు పిలిపించారు. "ఏం హెన్నింగ్, ఇవాళ ఎవర్ని ముంచుతున్నావ్?" అని దుకాణం దగ్గర కుర్రకారు ఎగతాళి. వాడు దుకాణానికి రావడమే మానేశాడట.

ఫిబ్రవరిలో సోల్వేగ్ చంకకర్రతో మా ఇంటికి వచ్చింది. చేత్తో అల్లిన ఉన్ని చేతితొడుగులు తెచ్చింది, సీవర్ట్ కోసం.

"ఆసుపత్రిలో పడుకుని ఏం చెయ్యను బాబాయ్, నీ చేతులే గుర్తొచ్చేవి. అందుకే చేతులకి అల్లాను. తొడుక్కో, సరిపోయాయో లేదో చూస్తాను."

సీవర్ట్ తొడుక్కోలేదు. బల్ల మీద పెట్టి వాటినే చూస్తున్నాడు. మొహమాటమనుకుంది పిల్ల. వారం వారం వచ్చేది, ఒకసారి కేకు, ఒకసారి మేక జున్ను. ఆమె కర్ర చప్పుడు నడవాలో వినిపిస్తే చాలు, మా అన్నయ్య మొహంలో నెత్తురు ఇంకిపోయేది. మనిషి చిక్కి సగమయ్యాడు. పొడుం మానేశాడు. దెబ్బ తగిలింది సోల్వేగ్‌కి, నీరసం ఈయనకేమిటో నాకు అంతుపట్టలేదు.

మార్చిలో పొగగొట్టాలు తుడిచేవాడు వచ్చాడు. మసి మొహంతో ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పైకి ఎలా ఎక్కమంటావ్, ఎగరమంటావా? కప్పు మీది నిచ్చెనేదీ?"

"ఒడ్డున పడుంది నాయనా. ఆ రోజు సోల్వేగ్‌ని లాగింది దాంతోనేగా!"

"అది ఇనప కొక్కేలకి తగిలించిన నిచ్చెనమ్మా. చలికాలంలో కొక్కేలు మంచు పట్టేస్తాయి. నేను ఊడదీయాలంటేనే అరగంట పడుతుంది. మీ అన్న మహా గట్టివాడే!" అని నవ్వి ఒడ్డుకి వెళ్ళాడు.

నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు పొద్దున్న సీవర్ట్ ఇంటి వెనక్కి వెళ్ళనేలేదు. నేను గుమ్మంలోనే ఉన్నాను. సూటిగా ఒడ్డుకే పరుగెత్తాడు. నిచ్చెన అక్కడే ఉంది, తాడు చుట్ట చుట్టి దాని మీదే ఉంది. ఆదివారం సాయంత్రం ఇంటి వెనక చప్పుడు గుర్తొచ్చింది. మెట్టు మీద కూర్చున్నాను.

లోపలికి వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గరే ఉన్నాడు.

"అన్నయ్యా, నిచ్చెన ఒడ్డుకి ఎప్పుడు తీసుకెళ్ళావ్?"

"ఆ పిల్ల పడినప్పుడు."

"నాతో అబద్ధమాడకు. నేను చూశాను."

కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. 

"ఆదివారం."

"ఆదివారం ఎందుకు?"

"హెన్నింగ్ వంపు తిప్పలేదు. ఏటి మూతి మీదుగా వేశాడు. తేలికపాటి స్కూటరు కాబట్టి వాడు బతికాడు."

"నువ్వు చూశావా?"

"దుర్భిణిలో. ఒక్కో మొక్కా చూశాను."

నా చేతిలో గరిటె ఉంది. ఆయన నాకన్నా పెద్దవాడు కాకపోయుంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. ఏటి మూతి మా పొలం కింద ఉంది, ఊళ్ళో మిగతావాళ్ళకి చెట్లు అడ్డం. అంటే టాల్‌నెస్‌లో ఆ సంగతి తెలిసిన మనిషి ఈయనొక్కడే.

"చెప్పకుండా ఎలా ఉన్నావయ్యా?"

"బాట తెరిచేముందు వాళ్ళు మళ్ళీ కన్నాలు పెట్టి చూస్తారనుకున్నాను. మంచు పలచగా ఉందని తెలిసి, తోచక, నా దగ్గరకి వస్తారనుకున్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని, సీవర్ట్ గారూ మీరే చెప్పాలి, అంటారని." ఇక్కడ ఆగాడు. "అది వినాలనిపించింది గోలిన్. ఒక్కసారి. సోమవారమే తెరుస్తారని నాకు తెలీదు, నమ్ము."

నమ్మాను. నమ్మితే మాత్రం ఏమైంది? ఆయన్ని చూస్తే జాలేసింది, ఆ జాలికి నా మీద నాకే కోపమొచ్చింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

చెప్పలేదు. రేపన్నాడు, ఆదివారమన్నాడు. ఫోను దగ్గరకి వెళ్ళడం, తిరిగి రావడం. వంటింట్లోంచి నేను చూస్తూనే ఉన్నాను. నేనే చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు కోటు కూడా వేసుకున్నాను. కానీ అది ఆయన నోటి నించి రాకపోతే ఆయన ఇక మనిషి కాడనిపించి ఆగిపోయాను. ఈలోగా హెన్నింగ్ మీద కేసు పెడతారని పుకారు. ఆ పైన జిల్లా కార్యాలయం నించి కబురు వచ్చింది. ప్రాణాలకి తెగించి ఒక ప్రాణం కాపాడినందుకు సీవర్ట్‌కి జిల్లా తరఫున సన్మానం, వెండి గడియారం. మో సభాభవనంలో, ఏప్రిల్‌లో.

"అక్కడే చెప్తాను," అన్నాడు సీవర్ట్. "అందరి ముందూ."

"గడియారం తీసుకున్నాకా, తీసుకోకముందా?" అని దెప్పాను. 

ఆ రోజు సభాభవనం నిండిపోయింది. సరస్సుకి రెండు పక్కలవాళ్ళూ వచ్చారు. ముందు వరసలో సోల్వేగ్, కొత్త గౌను వేసుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని. ఆఖరి వరసలో తలుపు దగ్గర హెన్నింగ్. ఎందుకొచ్చాడో, రాకపోతే ఏమనుకుంటారోనని వచ్చాడేమో. ఓస్టర్‌సుండ్ నించి వచ్చిన అధికారి పేరు స్టెన్‌హోల్మ్, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మా జిల్లా గురించి బాగానే మాట్లాడాడు. రాజులు మారినా, దేశాలు మారినా, హద్దులు మారినా ఇక్కడివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూనే బతికారని, ఇంత పెద్ద నేల మీద ఇంత కొద్దిమంది బతకాలంటే పక్కవాడి మీద ఓ కన్నేసి ఉంచాలని చెప్పాడు. పాపం ఆయనకేం తెలుసు.

గడియారం పెట్టె అందించబోతే సీవర్ట్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను చూశాను," అన్నాడు. "హెన్నింగ్ తప్పు వేస్తుంటే మా వంటింట్లో కూర్చుని చూశాను. శనివారం చూశాను, ఆదివారమంతా ఊరుకున్నాను. వాడికి తెలీదు. నాకు తెలుసు. రాసుకోండి. పడాల్సిన కేసేదో నా మీద పడాలి."

 స్టెన్‌హోల్మ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఛైర్మన్ గారూ, మీరు బాధలో ఉన్నారు. కానీ చట్టప్రకారం మీ తప్పేమీ లేదు. ఒకటో తారీకు నించి ఆ బాట కొత్త పంచాయతీది. మీది కాదు. చూసినవాళ్ళు వచ్చి చెప్పి తీరాలని ఎక్కడా లేదు."

మనది కాదు అని చలికాలం మొదట్లో ఈయనే అన్న మాట. అప్పుడందరం నవ్వాం. ఇప్పుడు అదే మాట సర్కారు నోట వినిపించి, దానితోనే వదిలేస్తుంటే, మా అన్నయ్య కుర్చీ వీపు పట్టుకున్నాడు. నాకు ఆయన్ని చూడ్డానికి ధైర్యం చాలలేదు.

సోల్వేగ్ లేచింది. కర్ర మీద ఆనుకుని, చిన్న గొంతుతో అడిగింది.

"నిచ్చెన ఎప్పుడు పెట్టావు బాబాయ్?"

"ఆదివారం సాయంత్రం."

"మీ నడవాలో ఫోను ఉంది కదా. నేను వచ్చినప్పుడల్లా దాని పక్కనే నా కోటు తగిలించేదాన్ని. నిచ్చెన కోసం నువ్వు బయటికి వెళ్ళింది ఆ నడవాలోంచేనా?"

"అవును."

"అంటే ఎవరో పడతారని నీకు తెలుసు."

"నువ్వని తెలీదమ్మా."

"ఎవరైతే ఏం?" అంది. "పడకుండా చూడ్డం నీ వల్ల కాలేదు. పడ్డాక తియ్యడానికి మాత్రం సిద్ధంగా ఉన్నావు. నేను నీకు చేతితొడుగులు అల్లాను బాబాయ్."

కర్ర టకటకలాడించుకుంటూ కుర్చీల వరసల మధ్యలోంచి వెళ్ళిపోయింది. వెనక తలుపు దగ్గర హెన్నింగ్ ఆమెకి దారి ఇచ్చి, తనూ వెళ్ళబోయి ఆగాడు.

"శనివారం పొద్దున్న మీకు ఫోను చేద్దామనుకున్నాను సీవర్ట్ గారూ," అన్నాడు. "వంపేదో ఉందని మా నాన్న అనగా విన్నాను, ఎక్కడో గుర్తు రాలేదు. మీరు ఎగతాళి చేస్తారని సిగ్గేసింది."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. గడియారం బల్ల మీదే ఉండిపోయింది.

తర్వాత ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆయనకి శిక్ష అయింది. హెన్నింగ్ మీద పోలీసులు విచారణ ఆపేశారు, పని మళ్ళీ ఇచ్చారు. దానికి సంతోషించాను. సీవర్ట్‌ని ఎవరూ పిలవలేదు, తిట్టలేదు. ఊళ్ళోవాళ్ళు ఎప్పటిలాగే నమస్కారం చేస్తున్నారు. దారి గురించో, కట్టెల గురించో ఆయన ఏదైనా చెప్తే తల ఊపుతున్నారు, తర్వాత వెళ్ళి ఇంకొకళ్ళని అడుగుతున్నారు. అది ఆయన గమనించాడు. నేను గమనించానని కూడా గమనించాడు. సోల్వేగ్ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ డిసెంబరులో సరస్సు త్వరగా బిగుసుకుంది. ఒక పొద్దున్న హెన్నింగ్ మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పంచాయతీలో తీర్మానం చేశారండీ. బాట మళ్ళీ టాల్‌నెస్‌వాళ్ళు పాత పద్ధతిలోనే వెయ్యాలని. సీవర్ట్ గారూ, మీరే ముందు నడవాలి."

పోయిన చలికాలం సీవర్ట్ చెవులారా వినాలనుకున్న మాట ఇదే. ఇప్పుడది వింటూ ఆయన బల్ల అంచు పట్టుకుని నేల చూస్తున్నాడు. చివరికి సరేనన్నాడు, వద్దనే హక్కు తనకి లేదని కాబోలు.

మర్నాడు ఒడ్డున అందరం చేరాం. మా పద్ధతి ఏమిటంటే, ముందు నడిచేవాడు ఇనప గునపంతో మంచుని పొడిచి చూసి, "ఆగుతుంది!" అని కేక వేస్తాడు, మనిషి బరువుకి మంచు ఆగుతుందని. ఆ కేక విని వెనకవాళ్ళు మొక్కలు మోసుకుంటూ అడుగేసి, అతను చేసిన కన్నాల్లో పాతుతారు. గునపం ముందున్నవాడి చేతిలోనే ఉంటుంది. రెండో గునపం తెచ్చిన మనిషిని నా చిన్నప్పటి నించీ చూడలేదు.

సీవర్ట్ పొడిచాడు. ఇంకోచోట పొడిచాడు. తలెత్తి, మంచి గొంతుతో, "ఆగుతుంది!" అన్నాడు. వెంటనే ఆయన వెనక టక్కున ఒక చప్పుడు, దాని వెనక ఇంకోటి, ఇంకోటి, వరస చివరిదాకా. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అందరూ మొక్కల కట్టల్లో గునపాలు దోపుకుని తెచ్చుకున్నారు. మొహాలు చూస్తే ఎవరిలోనూ పగ లేదు, పని చేసుకుంటున్నారంతే. సీవర్ట్ కాసేపు కదల్లేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. తర్వాత ముందుకి నడిచి మళ్ళీ పొడిచాడు, మళ్ళీ కేక వేశాడు, మళ్ళీ వెనక గునపాలు మోగాయి. ఆవలి ఒడ్డు చేరేదాకా అలాగే సాగింది.

వరసలో ఆయన వెనకే ఉన్నది నేను. ఆయనకి అన్నిటికన్నా ముందు వినిపించింది నా గునపమే.